సోమవారం వస్తే చాలు, కారు లేవడం లేదు. బ్యాటరీ నేనే మార్చుకోవచ్చా?

నీలి_హ్యాచ్‌బ్యాక్ | సోమవారం, ఉదయం 8:52

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. నాది ఏడేళ్ల పాత పెట్రోల్ కారు. పొద్దున తాళం తిప్పితే టకటకమని చప్పుడు, డాష్‌బోర్డు లైట్లు మిణుకుమిణుకుమని ఆరిపోయాయి. పక్కింటాయన కారు నుంచి జంపర్ కేబుళ్లు వేస్తే ఒక్క దెబ్బకి స్టార్టయింది. పోయిన నెలలో ఒకసారి ఇలాగే జరిగింది. బ్యాటరీ మీద తేదీ చూస్తే నాలుగేళ్లు దాటింది కాబట్టి మార్చేద్దామనుకుంటున్నా. మెకానిక్‌ని పిలవకుండా నేనే మార్చుకోగలనా? ఇంట్లో పానాల సెట్టు, మల్టీమీటరు ఉన్నాయి. కరెంటు పనంటే మాత్రం కాస్త భయం.

పానా_నంబర్_10 | సోమవారం, ఉదయం 8:59

భయపడేంత పని కాదండీ. పదో నంబరు పానా, ఇరవై నిమిషాల ఓపిక ఉంటే చాలు. విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, ఆఖర్న మైనస్.

సందేహాలరావు | సోమవారం, ఉదయం 9:20

ఎలాగూ రెండూ విప్పాల్సినవే కదా, ఏది ముందైతే ఏమిటి?

మాజీ_మెకానిక్ | సోమవారం, ఉదయం 9:48

రావుగారూ, కారు బాడీ, ఇంజను, మొత్తం ఇనుమంతా బ్యాటరీ మైనస్‌కి కలిపి ఉంటుంది. మైనస్ అలాగే ఉంచి ప్లస్ నట్టు విప్పుతున్నారనుకోండి. పానా ఒక కొన నట్టు మీద ఉంటుంది, రెండో కొన తిరుగుతూ పక్కనున్న బ్రాకెట్‌కో బాడీకో తగిలితే నేరుగా షార్టే. వందల ఆంపియర్లు పానా గుండా పోతాయి. పానా ఎర్రగా కాలుతుంది, ఒక్కోసారి అక్కడే అతుక్కుపోతుంది. అదే మైనస్ ముందు తీసేస్తే ఆ దారి తెగిపోతుంది. తర్వాత ప్లస్ విప్పుతూ పానా బాడీకి తగిలించినా ఏమీ జరగదు. బిగించేటప్పుడు తిరగేసి చేసేదీ ఇందుకే.

12 వోల్టులు మనిషికి షాక్ కొట్టవు, నిజమే. కానీ కాల్చడానికి షాక్ కొట్టనక్కర్లేదు. మా షెడ్డులో ఒక కుర్రాడి ఉంగరం ప్లస్‌కీ పానాకీ మధ్య ఇరుక్కుంది. ఒక్క క్షణమే. వేలి చుట్టూ ఆ గుండ్రటి మచ్చ ఇప్పటికీ ఉంది. ఉంగరం, వాచీ, కడియం ఏమున్నా తీసి లోపల పెట్టి రండి.

నీలిగారూ, మిమ్మల్ని ఒక మాట అడగాలి. కొనే ముందు అది బ్యాటరీ తప్పేనని తేల్చుకున్నారా? ఈరోజు ఎలాగూ నడిపారు కాబట్టి ఇప్పుడు కొలిస్తే పైపై చార్జింగ్ చూపించి మోసం చేస్తుంది. రేపు పొద్దున డోరు తీయకముందే, కుదరకపోతే బోనెట్ తీసిన వెంటనే, మీటరు పెట్టి మూడు అంకెలు రాయండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఎంత, సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎంతకి పడింది, ఇంజను నడుస్తున్నప్పుడు ఎంత. ఇంకోటి, స్టార్ట్ కాకముందు బండి ఎన్ని రోజులు కదలకుండా ఉంది?

నీలి_హ్యాచ్‌బ్యాక్ | సోమవారం, ఉదయం 10:15

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పెట్టాను, మళ్లీ ఈరోజే తీశా. పోయిన నెల కూడా అంతే, సోమవారమే.

ఎర్త్‌వైర్ | సోమవారం, మధ్యాహ్నం 1:05

మీటరు అవసరమే లేదు బ్రో. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మైనస్ పీకెయ్. ఇంజను ఆగిపోతే ఆల్టర్నేటర్ (నడుస్తున్నప్పుడు బ్యాటరీని నింపేది) పోయినట్టు, ఆగకపోతే బ్యాటరీ పోయినట్టు. మా బాబాయి ఇలాగే చూసేవాడు.

మాజీ_మెకానిక్ | సోమవారం, మధ్యాహ్నం 1:12

దయచేసి ఆ పని చేయకండి. బాబాయిగారి కాలంలో బండికి కంప్యూటర్ లేదు, అప్పుడు చెల్లింది. ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇస్తుండగా బ్యాటరీని ఊడదీస్తే ఆ కరెంటుకి పోయే చోటు ఉండదు. వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులకి ఎగురుతుంది. బ్యాటరీ అంటే మనం సెల్ఫ్ కొట్టడానికే అనుకుంటాం గానీ, నడుస్తున్న బండిలో ఆ ఎగుడుదిగుళ్లను మింగేది కూడా అదే. ఈసీయూ అనే బండి కంప్యూటర్, ఆల్టర్నేటర్ డయోడ్లు, ఏది పోయినా బ్యాటరీ కంటే ఖరీదైనవే.

మోడరేటర్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

పై పద్ధతిని ఎవరూ ప్రయత్నించవద్దు. దీని మీద వచ్చిన తొమ్మిది వ్యాఖ్యలను వేరే చర్చలోకి మార్చాను. బాబాయిల ప్రస్తావన అక్కడ కొనసాగించుకోవచ్చు.

నీలి_హ్యాచ్‌బ్యాక్ | మంగళవారం, ఉదయం 8:30

గురువుగారూ, అంకెలు ఇవిగో. ఆగి ఉన్నప్పుడు 12.1. సెల్ఫ్ కొట్టేటప్పుడు 8.7కి పడి పైకి లేచింది, స్టార్టయింది కానీ బద్ధకంగా. నడుస్తున్నప్పుడు 14.2.

పానా_నంబర్_10 | మంగళవారం, ఉదయం 8:41

బ్యాటరీ అయిపోయింది. నిండా చార్జింగ్ ఉంటే ఆగి ఉన్నప్పుడు 12.6 పైన చూపించాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు కింద లెక్క. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదంటారు. మీది 8.7. ఆల్టర్నేటర్ 14.2 ఇస్తోంది కాబట్టి దానికి ఢోకా లేదు. కొనేయండి.

మాజీ_మెకానిక్ | మంగళవారం, ఉదయం 9:10

బ్యాటరీ బలహీనపడిందన్న మాట ఒప్పుకుంటా. నాలుగేళ్లు మోసింది, తప్పేం లేదు. కానీ 9.6 లెక్క నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీకి వర్తిస్తుంది, సగం ఖాళీగా ఉన్నదానికి కాదు. ఆ రెండు సోమవారాలే నా మనసులో గుచ్చుకుంటున్నాయి. రెండున్నర రోజులు నిలబెడితే దిగిపోవడం ఏమిటి? కొత్తది వేశాక కూడా ఒక సోమవారం పొద్దున మీటరు పెట్టి చూడండి. నా మాట గుర్తుంచుకోండి.

నీలి_హ్యాచ్‌బ్యాక్ | మంగళవారం, ఉదయం 9:25

తప్పకుండా. ఇప్పుడు ఏది కొనాలి? పాతదాని మీద 55బి24ఎల్‌ఎస్ అని ఉంది. 55 అంటే 55 ఏహెచ్ (ఆంపియర్-అవర్, ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే లెక్క) అనేనా?

పానా_నంబర్_10 | మంగళవారం, ఉదయం 9:40

కాదు, అందరూ పడే గుంట అదే. ఇది జపాన్ పద్ధతి. 55 అనేది దాని సత్తాకి ఇచ్చిన ర్యాంకు, ఏహెచ్‌లో చూస్తే ఆ బ్యాటరీ సుమారు 45. బి అనేది వెడల్పు, ఎత్తుల కొలత. 24 అంటే పొడవు సెంటీమీటర్లలో. ఎల్ అంటే ప్లస్ ఏ పక్కన ఉందో చెప్పేది. ఎస్ అంటే లావు టెర్మినళ్లు.

ఆ చివరి ఎస్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎస్ లేకుండా ఒట్టి 55బి24ఎల్ తెచ్చారా, డబ్బా సరిగ్గా కూర్చుంటుంది, టెర్మినళ్లు మాత్రం సన్నగా ఉంటాయి. సన్నవి ప్లస్ 14.7 మిల్లీమీటర్లు, మైనస్ 13. లావువి 19.5, 17.9. లావు క్లాంపుని సన్న టెర్మినల్ మీద ఎంత బిగించినా గిరగిరా తిరుగుతుంది. కొందరు రేకుముక్క చుట్టి సరిపెడతారు. నేనూ ఒకసారి చుట్టాను. గతుకుల్లో వదులై నడిరోడ్డు మీద ఆగింది.

ఎర్త్‌వైర్ | మంగళవారం, ఉదయం 10:02

ఎల్ అంటే లెఫ్ట్. టెర్మినళ్లు నీ వైపు పెట్టుకుని చూస్తే ప్లస్ ఎడమ పక్కన ఉండాలి. సింపుల్.

పానా_నంబర్_10 | మంగళవారం, ఉదయం 10:20

ఎర్త్‌వైర్ బ్రో, మళ్లీ బోల్తా. లెఫ్టే కానీ ఎక్కడ నిలబడి చూడాలన్నది తిరకాసు. ప్లస్ ఉన్న పొట్టి పక్కన నిలబడి చూస్తే ప్లస్ ఎడమకి ఉండాలి, అది ఎల్. అదే బ్యాటరీని తిప్పి టెర్మినళ్లు మన వైపు పెట్టుకుంటే ప్లస్ కుడిచేతి పక్కకి వస్తుంది.

ఎర్త్‌వైర్ | మంగళవారం, ఉదయం 10:31

చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని మూడుసార్లు తిప్పి చూశా. నువ్వు చెప్పిందే కరెక్టు. ఇందుకా నేను పోయినసారి తప్పుది తెచ్చింది!

మాజీ_మెకానిక్ | మంగళవారం, ఉదయం 10:50

ఈ ఎల్, ఆర్ గొడవ నాకు ముప్పై ఏళ్లుగా తీరలేదు. నేను చేసేది ఒకటే. పాతది బండిలో ఉండగానే పైనుంచి ఫొటో తీసుకుని వెళ్తాను, కొత్తది ఎదురుగా పెట్టించి పోల్చుకుంటాను. తప్పు పక్కది తెస్తే ప్లస్ కేబుల్ అందదు. అందదు కదా అని లాగి తగిలించేవాళ్లు కొందరైతే, బ్యాటరీనే తిప్పి పెట్టి ఎరుపు కేబుల్ మైనస్‌కి బిగించేవాళ్లు ఇంకొందరు. అలా తలకిందులుగా తగిలిస్తే మెయిన్ ఫ్యూజు ఎగిరిపోవడం అదృష్టం కింద లెక్క. లేకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోతాయి.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. షెల్ఫులో కూర్చున్నా బ్యాటరీ తనంతట తానే దిగుతూ ఉంటుంది. వీలైతే అక్కడే మీటరు పెట్టమనండి. 12.4 కంటే తక్కువ చూపించేది వద్దని చెప్పండి.

రాత్రిబండి | మంగళవారం, రాత్రి 11:47

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా కారు సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే రకం. దానికి కూడా ఈ మామూలు బ్యాటరీ వేయొచ్చా? సైజు సరిపోతుంది.

పానా_నంబర్_10 | బుధవారం, ఉదయం 7:15

సరిపోయినా వేయకండి. ఆ కార్లకి ఈఎఫ్‌బీ రకం గానీ ఏజీఎం రకం గానీ ఇస్తారు. రోజుకి పదుల సార్లు స్టార్ట్ చేయడానికి తయారైన ప్లేట్లు అవి. మామూలుది పెడితే కొద్ది నెలల్లోనే నీరసిస్తుంది. పాతది ఏజీఎం అయితే మళ్లీ ఏజీఎమ్మే పెట్టాలి. మైనస్ క్లాంపు మీద చిన్న నల్ల డబ్బా, దానికో సన్నటి వైరు కనిపిస్తుంది. అది బ్యాటరీ సెన్సారు. క్లాంపు రాలేదని దాని కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకండి, విరుగుతుంది. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ పెట్టినట్టు కంప్యూటర్‌కి స్కానర్‌తో చెప్పాలి కూడా. మాన్యువల్ చూడండి.

నీలి_హ్యాచ్‌బ్యాక్ | శనివారం, ఉదయం 9:05

బ్యాటరీ తెచ్చేశా! ఎల్‌ఎస్సే, ఫొటోతో పోల్చి మరీ. మీటరులో 12.58. ఇంకో గంటలో మొదలుపెడతా. ఇంకేమైనా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పండి. గుండె దడదడలాడుతోంది.

మాజీ_మెకానిక్ | శనివారం, ఉదయం 9:14

దడ దేనికి, టెన్షన్ పడకండి. కిటికీ అద్దం ఒకటి దించండి, బండి తాళం జేబులో వేసుకోండి. కొన్ని బండ్లు కరెంటు తిరిగి రాగానే డోర్లు లాక్ చేసుకుంటాయి, తాళం లోపలుంటే అక్కడితో పని ఆగుతుంది. లైట్లు, ఏసీ, పాటలు అన్నీ ఆపి పెట్టండి. కళ్లద్దాలు పెట్టుకుని, రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. దగ్గర్లో సిగరెట్లు, నిప్పురవ్వలు ఉండకూడదు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరితే చాలు, అంటుకుంటుంది.

మైనస్ తీశాక ఆ కేబుల్‌కి ఒక పాత గుడ్డ చుట్టి పక్కకి వంచి పెట్టండి. అది స్ప్రింగులా వెనక్కొచ్చి టెర్మినల్‌ని ముద్దెట్టుకుంటుంది. క్లాంపు బిగుసుకుపోతే సుత్తితో కొట్టొద్దు, నట్టు ఇంకాస్త వదులు చేసి అటూఇటూ తిప్పుతూ పైకి లాగండి. బ్యాటరీని పట్టుకునే బ్రాకెట్ నట్టు ఒక్కోసారి అడుగున ఉంటుంది, పొడుగు ఎక్స్‌టెన్షన్ కావాలి. ఆ నట్టు జారి కింద పడితే సగం శనివారం దాని వెతుకులాటకే.

సందేహాలరావు | శనివారం, ఉదయం 9:22

బ్యాటరీ తీస్తే గడియారం, రేడియో సెట్టింగులు పోతాయి కదా. పోకుండా మెమరీ సేవర్ అని ఒకటి ఓబీడీ పోర్టుకి (మెకానిక్ స్కానర్ పెట్టే సాకెట్) తగిలిస్తారట. అది కొనిపిస్తే పోలా?

మాజీ_మెకానిక్ | శనివారం, ఉదయం 9:35

కొనొచ్చు, కానీ మొదటిసారి చేసేవారికి నేను చెప్పను. అది తగిలించి ఉంటే బ్యాటరీ లేకపోయినా ప్లస్ కేబుల్‌లో కరెంటు ఉంటుంది. ఊడదీసిన ఆ ఎర్ర క్లాంపు ఎక్కడైనా ఇనుముకి తగిలిందంటే మళ్లీ నిప్పులే. మైనస్ ముందు తీసి సంపాదించుకున్న భద్రత అంతా గంగలో కలిసినట్టే. గడియారం మళ్లీ పెట్టుకోవడానికి అర నిమిషం చాలు. రేడియోకి కోడ్ అడిగే రకమైతే మాత్రం ఆ కోడ్ ముందే వెతికి పెట్టుకోండి.

నీలి_హ్యాచ్‌బ్యాక్ | శనివారం, మధ్యాహ్నం 12:40

అయిపోయింది!! ఇరవై నిమిషాలన్నారు, నాకు గంటన్నర పట్టింది. అందులో నలభై నిమిషాలు ఆ బ్రాకెట్ నట్టుకే. పడిపోయింది, మీరు చెప్పినట్టే.

పాత ప్లస్ టెర్మినల్ చుట్టూ నీలం, తెలుపు కలిసిన పొడి పేరుకుపోయి ఉంది. వంటసోడా గోరువెచ్చటి నీళ్లలో కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుసా పొంగి పోయింది. ఆరనిచ్చి బిగించా, పైన కాస్త వాజెలిన్ రాశా. పాత బ్యాటరీ ఎత్తేటప్పుడు తెలిసింది దాని బరువు, 12 కిలోల దాకా ఉందేమో. మైనస్ తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ వచ్చింది, ప్రాణం పోయినంత పనైంది. అది మామూలేనా?

స్టార్ట్ చేస్తే ఒక్క దెబ్బకి పడింది సెల్ఫ్. కానీ డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుకి పైకి పోవడం లేదు, డాష్‌బోర్డులో పసుపు లైటు ఒకటి వెలుగుతోంది.

పానా_నంబర్_10 | శనివారం, మధ్యాహ్నం 12:58

చిన్న రవ్వ మామూలే, లోపలి కంప్యూటర్లు ఒక్కసారి కరెంటు పీల్చుకుంటాయి. పెద్ద మంటలా వస్తే ఏదో ఆన్‌లో ఉన్నట్టు. అద్దం చాలా బండ్లలో పూర్తిగా పైకి తెచ్చి బటన్ అలాగే కొన్ని సెకన్లు పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది. పసుపు లైటు చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌ది అయితే ఇంజను ఆన్‌లో స్టీరింగ్ ఇటు చివరికి, అటు చివరికి తిప్పి, కాస్త దూరం నడపండి. ఇంజను ఐడిల్‌లో కాస్త ఊగితే కంగారుపడొద్దు, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. మరీ ముఖ్యంగా, బ్యాటరీని చేత్తో పట్టి కదిలించి చూడండి, కదలకూడదు. వణుకుతూ ఉంటే లోపలి ప్లేట్ల రజను రాలుతుంది.

రాత్రిబండి | శనివారం, సాయంత్రం 6:10

మా బ్యాటరీ వెనక సీటు కింద ఉంది. దాని పక్కనుంచి సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి కిందికి పోతోంది. అది దేనికి?

మాజీ_మెకానిక్ | శనివారం, సాయంత్రం 6:32

మంచి ప్రశ్న. బ్యాటరీ లోపల పుట్టే గ్యాసు బండిలో నిండకుండా బయటికి పంపే గొట్టం అది. కొత్తది పెట్టినప్పుడు దాన్ని మళ్లీ తగిలించడం చాలామంది మరిచిపోతారు. కొత్త బ్యాటరీకి రెండు పక్కలా రంధ్రాలు ఉంటే ఒకదానికి గొట్టం, రెండోదానికి బిరడా.

ఎర్త్‌వైర్ | శనివారం, సాయంత్రం 7:00

ఇంత తతంగం లేకుండా పాతకాలంలో ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే స్టార్టయ్యేది. సుఖం.

మాజీ_మెకానిక్ | శనివారం, సాయంత్రం 7:21

సుఖమా! ఇంజను వెనక్కి తన్నితే ఆ హ్యాండిల్ మణికట్టు విరిచేది. 1912 మోడల్ కాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ సెల్ఫ్ తెచ్చాక గదా జనం ఊపిరి పీల్చుకున్నది. మీ బాబాయిగారిని అడగండి.

నీలి_హ్యాచ్‌బ్యాక్ | సోమవారం, ఉదయం 8:20

మాజీ మెకానిక్ గారూ, మీ నోట్లో పంచదార పోయాలో, మీ మీద అలగాలో తెలియడం లేదు. శనివారం నడిపి వచ్చి పెట్టాక 12.7 ఉంది. ఆదివారం కదల్చలేదు. ఈ పొద్దున 12.32. కొత్త బ్యాటరీ! స్టార్టయింది గానీ మనసు కుదుటపడలేదు.

మాజీ_మెకానిక్ | సోమవారం, ఉదయం 8:45

అలగకండి, దొంగ దొరికే దారి దొరికింది. ఆగి ఉన్న బండి కూడా కొంచెం కరెంటు తింటుంది, 50 మిల్లీ ఆంపియర్ల లోపు అయితే మామూలే. 50 చొప్పున రోజుకి 1.2 ఏహెచ్. మీ 45 ఏహెచ్ బ్యాటరీ అలా సగానికి దిగాలంటే రెండున్నర వారాల పైనే పడుతుంది. మీది ఒకటిన్నర రోజులోనే మూడో వంతు దిగింది. ఏదో ఒకటి లోపల మెలకువగా ఉంది.

ఇలా చేయండి. ఇంజను ఆపి, తాళం ఇంట్లో దూరంగా పెట్టి, డోర్లు, డిక్కీ అన్నీ మూసేయండి. మైనస్ క్లాంపు విప్పి, క్లాంపుకీ టెర్మినల్‌కీ మధ్య మీటరు పెట్టాలి. మీటరు ఎర్ర వైరుని 10 ఆంపియర్ల సాకెట్‌కి మార్చడం మరవద్దు. తగిలించగానే బండి ఉలిక్కిపడి లేస్తుంది, రెండు మూడు ఆంపియర్లు చూపించినా పట్టించుకోకండి. అరగంట ఆగితే అన్నీ నిద్రపోతాయి. అప్పుడు వచ్చేదే అసలు అంకె. మధ్యలో పొరపాటున కూడా స్టార్ట్ చేయొద్దు.

ఎర్త్‌వైర్ | సోమవారం, ఉదయం 8:52

చేస్తే మీటరు ఫ్యూజు టప్ మంటుంది. ఎలా తెలుసని అడగొద్దు.

నీలి_హ్యాచ్‌బ్యాక్ | సోమవారం, రాత్రి 9:10

మొదట 2.8. అరగంట తర్వాత 0.45 దగ్గర ఆగి ఇక దిగలేదు. అంటే 450 మిల్లీ ఆంపియర్లు! ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయా. లోపలి దీపాల ఫ్యూజు తీయగానే 0.03కి పడిపోయింది. కానీ లోపల ఏ దీపమూ వెలగడం లేదు, అద్దాల్లోంచి చూశాను.

పానా_నంబర్_10 | సోమవారం, రాత్రి 9:18

కనిపించని దీపం ఏది? డిక్కీలోది, గ్లవ్ బాక్సులోది. 420 తగ్గింది కదా, దాన్ని 12తో గుణిస్తే ఐదు వాట్లు. సరిగ్గా ఒక చిన్న బల్బు. ఫ్యూజు మళ్లీ పెట్టి, ఫోనులో వీడియో ఆన్ చేసి డిక్కీలో పడేసి మూయండి. రెండు నిమిషాల తర్వాత తీసి చూడండి.

నీలి_హ్యాచ్‌బ్యాక్ | సోమవారం, రాత్రి 9:37

వెలుగుతోంది!!! మూత పడ్డాక కూడా వీడియో అంతా పట్టపగల్లా ఉంది. స్పేర్ టైరు మీద దుమ్ము కూడా కనిపిస్తోంది.

ఇప్పుడు గుర్తొస్తోంది. రెండు నెలల క్రితం మా వాడి సైకిలు డిక్కీలో పెట్టి, మూత పట్టక తాడుతో కట్టి తెచ్చా. గతుకుల్లో మూత లాక్ మీద దబదబా కొట్టుకుంది. మొదటిసారి బండి ఆగింది ఆ తర్వాతే.

మాజీ_మెకానిక్ | మంగళవారం, ఉదయం 7:05

ఇంకేం, మూత పడ్డట్టు చెప్పాల్సిన స్విచ్ ఆ లాక్‌లోనే ఉంటుంది. అది పనిచేయడం లేదు. లాక్ తెప్పించేదాకా ఆ బల్బు పీకి పక్కన పెట్టండి. వారం మధ్యలో రోజూ నడుపుతున్నారు కాబట్టి రాత్రి పోయింది పగలు కొంతైనా నిండేది. శుక్రవారం నుంచి సోమవారం దాకా అరవై గంటలు వెలిగితే పాతిక ఏహెచ్ మాయం. మీ నాలుగేళ్ల బ్యాటరీలో మిగిలిన సత్తువే అంతంత మాత్రం.

సందేహాలరావు | మంగళవారం, ఉదయం 7:40

అయితే పాత బ్యాటరీ బాగానే ఉందన్నమాట. అనవసరంగా కొత్తది కొన్నారా?

మాజీ_మెకానిక్ | మంగళవారం, ఉదయం 8:02

అది ఊహతో చెప్పేది కాదు. నీలిగారూ, పాతది ఇంకా ఇంట్లోనే ఉంటే ఎవరిదగ్గరైనా చార్జరు తీసుకుని, గాలి ఆడే చోట, నిండా చార్జింగ్ పెట్టండి. తీసేసి ఒక రోజంతా ముట్టుకోకుండా ఉంచి అప్పుడు కొలవండి.

నీలి_హ్యాచ్‌బ్యాక్ | శుక్రవారం, సాయంత్రం 7:30

పక్కింటాయన దగ్గరే చార్జరు దొరికింది. రాత్రంతా పెట్టా, నిండిందని పచ్చ లైటు వచ్చింది. రోజంతా వదిలేసి కొలిస్తే 12.21. హెడ్‌లైటు పాత బల్బు ఒకటి తగిలించి ఐదు నిమిషాలు ఉంచితే 11.6కి జారింది.

మాజీ_మెకానిక్ | శుక్రవారం, సాయంత్రం 8:15

అయితే అది పోయినట్టే. బ్యాటరీని మళ్లీ మళ్లీ అడుగంటా దించి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా కరగదు. ముసలితనం సగం, ఆ ఐదు వాట్ల బల్బు సగం. పాతదాన్ని చెత్తలో వేయకండి, అందులో సీసం, యాసిడ్ ఉన్నాయి. కొత్తది అమ్మినవాళ్లకే ఇవ్వండి. తీసుకెళ్లేటప్పుడు నిలువుగా, ఒరగకుండా పెట్టి, టెర్మినళ్ల మీద టేపు వేయండి.

రాత్రిబండి | శుక్రవారం, రాత్రి 11:58

ఇది చదివి ఇప్పుడే వెళ్లి నా ఫోను డిక్కీలో పెట్టి చూశా. మాది ఆరిపోతోంది. కానీ ఇంకోసారి పెట్టి చూడబోతే, ఫోను లోపల ఉండగా డిక్కీ లాక్ పడింది, తాళం కూడా లోపలే ఉంది. వెనక సీటు ఎలా మడవాలో ఎవరికైనా తెలుసా?

మోడరేటర్ | శనివారం, ఉదయం 6:30

దీనికి కొత్త చర్చ తెరవండి.

నీలి_హ్యాచ్‌బ్యాక్ | సోమవారం, ఉదయం 8:11

బల్బు పీకేశాక మొదటి సోమవారం. శుక్రవారం సాయంత్రం నుంచి కదల్చలేదు. 12.61.